కాళంగి ఒడ్డున పురపాలన

మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసివ్వమని సంపాదక వర్గం మిత్రులు అడిగారు. సూళ్లూరుపేట చరిత్ర అనగానే ఎవరికైనా రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి చెంగాళమ్మ తల్లి, రెండోది షార్ రాకెట్లు. ఆ రెండింటి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇప్పటికే చాలా రాశారు, ఇకముందూ రాస్తారు. నేను వృత్తిరీత్యా ఇంజనీరును. నా కళ్లు ముందుగా కాలువ వాలు మీదికి, ట్యాంకు ఎత్తు మీదికి పోతాయి. అందుకని వేరే చరిత్ర ఎంచుకున్నాను. మన ఊళ్లో మురుగు కాలువ బాధ్యత ఎవరిది? కుళాయిలో నీళ్లు రాకపోతే ఎవరిని అడగాలి? వీధి దీపం ఆరిపోతే ఎవరి తలుపు తట్టాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తరానికోసారి మారుతూ వచ్చింది. ఆ మార్పుల కథే ఈ వ్యాసం.

సోషల్ సారు 'స్థానిక స్వపరిపాలన' పాఠం చెప్పేటప్పుడు మనలో చాలామందికి అది రెండు మార్కుల ప్రశ్న మాత్రమే. 1882, లార్డ్ రిప్పన్ అని రాసేస్తే మార్కులు పడేవి. ఆ పాఠం మన గడప ముందరి కాలువ గురించేనని అప్పట్లో తోచలేదు.

ఊరి నేల, ఊరి నీరు

పాలన గురించి చెప్పేముందు నేల గురించి చెప్పాలి. మన ఊరు కాళంగి ఒడ్డున ఉంది. ఆ నది పడమటి కొండల నుంచి వచ్చి, మన ఊరు దాటి పులికాట్ సరస్సులో కలుస్తుంది. పులికాట్ సముద్రంతో కలిసి ఉండే ఉప్పునీటి సరస్సు. అంటే మన ఊరి వాన నీరంతా చివరికి చేరే చోటు దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది. ఊరు కూడా అంతకు కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. పైగా మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో, వాయుగుండాలతో కలిసి వస్తాయి. పైనుంచి కాళంగి నిండుగా వచ్చే రోజుల్లోనే కింద సరస్సు కూడా నిండి ఉంటుంది. నీరు తొందరగా దిగిపోవడానికి దారి ఉండదు.

ఇంజనీరు లెక్కలో దీన్ని ఇలా చెప్పొచ్చు. ఇలాంటి చదును నేలలో మురుగు కాలువకు కిలోమీటరుకు ఒక మీటరు వాలు దొరికితే అదృష్టమే. ఆ వాలులో కాలువ అడుగున ఒక్క చోట జానెడు పూడిక చేరితే చాలు, దాని వెనకాల సుమారు 200 మీటర్ల దూరం నీరు కదలకుండా నిలబడిపోతుంది. ఎవరో ఒకాయన తన ఇంటి ముందు కాలువ మీద బండ వేసి, కింద రాళ్లు ఇరికిస్తే దాని ఫలితం పది ఇళ్ల అవతల కనిపిస్తుంది. అందుకే చదును నేల మీది ఊరికి కాలువ సొంత వ్యవహారం కాదు, ఉమ్మడి వ్యవహారం. ఉమ్మడి వ్యవహారం అన్నాక దానికి ఒక పెద్ద, ఒక పద్దు, ఒక కట్టుబాటు కావాలి. ఈ మూడింటికీ కలిపి పెట్టిన పేరే పురపాలన.

'పేట' అన్న మాటలోనే సంత, అంగడి ఉన్నాయి. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే దారి మీద ఉండటం వల్ల మన ఊరు పెరిగింది. 19వ శతాబ్దం చివర మద్రాసు–గూడూరు రైలు మార్గం వచ్చాక ఆ పెరుగుదల ఇంకా గట్టిపడింది. ఈ రోజుకీ చెన్నై లోకల్ రైళ్లు మన స్టేషను దాకా వస్తాయి. జిల్లా కేంద్రం నెల్లూరైనా, తిరుపతైనా, మన బజారు చూపు మాత్రం ఎప్పుడూ దక్షిణానికే.

రాజధాని మారింది, ఊరు మారలేదు

మనకు ఎనభై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న మద్రాసుకు 1688లోనే నగర కార్పొరేషను ఏర్పడింది. మన దేశంలో అదే అన్నిటికంటే పాతది. లండను ఊరి పద్ధతిలో మేయరు, ఆల్డర్‌మన్‌లు అన్నీ అక్కడ పెట్టారు. కానీ ఆ పద్ధతి మన వైపు పేటలకు, పల్లెలకు రావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. 1882 మే నెలలో రిప్పన్ తీర్మానం వచ్చింది. స్థానిక సంస్థల్లో ప్రభుత్వేతర సభ్యులు ఎక్కువమంది ఉండాలనీ, జనానికి తమ వ్యవహారాలు తామే చూసుకునే అలవాటు దీనివల్ల ఏర్పడాలనీ దాని ఉద్దేశం. 1884లో మద్రాసు రాష్ట్రంలో స్థానిక బోర్డుల చట్టం, జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. పెద్ద ఊళ్లకు మునిసిపాలిటీ, మిగిలిన వాటికి జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, చిన్న చిన్న పేటలకు యూనియన్ పంచాయతీ. 1920లో ఈ చట్టాలను తిరగరాశారు. ఎన్నికయ్యే సభ్యుల సంఖ్య పెరిగింది, అధికారం ఇంకొంచెం కిందికి దిగింది.

ఆ తరువాతి చరిత్ర మనకు తెలిసిందే. 1953 అక్టోబరు 1 దాకా మన రాజధాని మద్రాసు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలు. 1956లో హైదరాబాదు. 2014 విభజన తరువాత అమరావతి. జిల్లా కూడా మారింది. 2022 ఏప్రిల్ 4న నెల్లూరు నుంచి విడిపోయి తిరుపతి జిల్లాలో చేరాం, మన ఊరే రెవెన్యూ డివిజను కేంద్రమైంది. ఒక్క మనిషి జీవితకాలంలో ఇన్నిసార్లు అర్జీ మీద చిరునామా మారిన ఊళ్లు తక్కువ. కాళంగి మాత్రం అదే దారిలో పారుతోంది. పై ఆఫీసు ఎక్కడున్నా వానాకాలంలో నీళ్లు నిలిచే సందులు నిలిచేచోటే నిలుస్తున్నాయి. పై ఆఫీసు మారినంత మాత్రాన కింద కాలువ పారదన్నది నేను ఈ చరిత్రలో నేర్చుకున్న మొదటి పాఠం.

చీరాల చెప్పిన పాఠం

ఊరికి మునిసిపాలిటీ రావడమంటే ఇప్పుడు మనం సంబరపడతాం, హోదా పెరిగిందంటాం. కానీ నూరేళ్ల కిందట మన కోస్తాలోనే ఒక ఊరు 'మాకు మునిసిపాలిటీ వద్దు' అని ఇళ్లు వదిలి వెళ్లిపోయింది. అది చీరాల–పేరాల. పుస్తకాల్లో దాన్ని స్వాతంత్య్ర పోరాటంగా చదువుకున్నాం. నిజానికి అది పురపాలన చరిత్ర కూడా.

అప్పట్లో చీరాల, పేరాల యూనియన్ పరిధిలో ఉండేవి. ఏడాదికి సుమారు 4,000 రూపాయల పన్ను వసూలయ్యేది. మద్రాసు ప్రభుత్వం ఆ రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్ను భారం సుమారు 40,000 రూపాయలకు పెరిగింది. ఎక్కువమంది చేనేత పనివాళ్లు, చిన్న రైతులు. పన్ను పది రెట్లయింది కానీ కొత్తగా ఒరిగిందేమీ వాళ్లకు కనిపించలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో పన్ను కట్టబోమన్నారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు ఆయన సలహా అడిగారు. హింస లేకుండా ఊరు వదిలి వెళ్లడం ఒక దారి అని ఆయన చెప్పారు. వేలాది కుటుంబాలు ఊరి హద్దు దాటి రామనగరం అనే పేరుతో పాకలు వేసుకుని, ఎండలోనూ వానలోనూ దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నాయి. దుగ్గిరాల జైలు పాలయ్యాక, చేతిలో డబ్బు అయిపోయాక తిరిగి రాక తప్పలేదు. స్వాతంత్య్రం తరువాత అదే చీరాల మళ్లీ మునిసిపాలిటీ అయింది. అప్పుడు ఎవరూ ఊరు వదల్లేదు.

రెండు సందర్భాలకూ తేడా ఏమిటి? మొదటిసారి పన్ను పై నుంచి వచ్చింది. ఎందుకు, దేనికి అని అడిగే అవకాశం లేదు. రెండోసారి ఓటు చేతిలో ఉంది, పన్ను వేసేవాళ్లను దించే వీలుంది. పన్ను, ఓటు, లెక్క ఈ మూడూ ఒకే గుమ్మంలో దొరికితే జనం పన్నుకు భయపడరు. ఏ ఒక్కటి తగ్గినా కోపమొస్తుంది. మన రాష్ట్రంలో 2021లో మొదలైన చెత్త పన్ను మీద వచ్చిన గొడవ, 2024లో దాన్ని ఎత్తేస్తామన్న ప్రకటన చూసినప్పుడు నాకు చీరాలే గుర్తొచ్చింది. రాజకీయం పక్కన పెడితే, జనం అడిగిన ప్రశ్న అదే: దేనికి కడుతున్నాం?

పంచాయతీ కాలం, పక్కనే రాకెట్టు

స్వాతంత్య్రం తరువాత చాలా ఏళ్లు మన ఊరు పంచాయతీగానే నడిచింది. 1959లో రాజస్థాన్ తరువాత పంచాయతీరాజ్ అమలు చేసిన రాష్ట్రం మనదే. పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు వచ్చాయి. 1964లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఈ మార్పు మనలో చాలామంది బడిలో ఉండగానే జరిగింది. నిన్నటిదాకా తాలూకా ఆఫీసన్న చోటుకు మండల ఆఫీసని పేరు పలకడానికి పెద్దలకు నోరు తిరగడానికి కొంతకాలం పట్టింది. 1994లో పంచాయతీరాజ్ కొత్త చట్టం వచ్చింది.

ఈలోగా మన పక్కనే ఇంకో ప్రపంచం లేచింది. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి రోహిణి సౌండింగ్ రాకెట్టు ఎగిరింది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి–3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2002లో ఆ కేంద్రానికి సతీశ్ ధావన్ గారి పేరు పెట్టారు. దానికి రైలు స్టేషనూ, బజారూ, బస్సు మలుపూ మన ఊరే. ఉద్యోగులు వచ్చారు, అద్దె ఇళ్లు పెరిగాయి, బళ్లు పెరిగాయి, హోటళ్లు పెరిగాయి. మన బడిలో మనతో బెంచీ పంచుకున్న ఎందరో పిల్లలు ఆ ఉద్యోగుల పిల్లలే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. శ్రీహరికోటలో పని చేసేవాళ్ల క్వార్టర్లకు నీళ్లు, రోడ్లు, దీపాలు ఇస్రోవే. ఒకే సంస్థ, ఒకే ప్రణాళిక, ముందే గీసిన పటం. వాటి పక్కనున్న ఊరికి మాత్రం పటం లేదు. ఇల్లు ముందు వస్తుంది, రోడ్డు తరువాత వస్తుంది, కాలువ ఆ తరువాత వస్తుంది, లెవెల్స్ ఎప్పటికో వస్తాయి. ఇది మన ఊరి తప్పు కాదు. దేశంలో రైల్వే కాలనీ పక్కన, ఫ్యాక్టరీ టౌన్‌షిప్ పక్కన పెరిగిన ప్రతి పేట కథా ఇదే. పంచాయతీకి ఉన్న చట్టమూ ఆదాయమూ పల్లె కోసం కుట్టిన చొక్కా. ఊరు పెరిగాక ఆ చొక్కా పట్టలేదు.

పటం గురించి చెబుతున్నాను కాబట్టి తెలుగుగంగ మాట కూడా చెప్పాలి. 1983 ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు కండలేరు నుంచి కాలువలో మనకు పడమరగా దక్షిణానికి పోయి, 1996లో తొలిసారి తమిళనాడు సరిహద్దు దాటి మద్రాసు దాహం తీర్చాయి. పెద్ద నగరానికి వందల కిలోమీటర్ల నుంచి నీరు వస్తుంది, ఎందుకంటే అడిగే గొంతు పెద్దది. చిన్న ఊరు అడగాలంటే ముందు దానికొక గొంతు ఉండాలి.

హోదా మారితే ఏం మారింది

2010 దశకం మొదట్లో మన ఊరు పంచాయతీ హోదా దాటి పట్టణ సంస్థ అయింది. 2014 మార్చి 30న తొలిసారి మునిసిపల్ ఎన్నికల్లో ఓటు వేసింది. చాలామంది దీన్ని బోర్డు మార్పు అనుకున్నారు. నిజానికి మారినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది చట్టం. పంచాయతీ చట్టం పోయి 1965 నాటి మునిసిపాలిటీల చట్టం వచ్చింది. వెనకాల 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన ఆ సవరణ 12వ షెడ్యూలులో 18 పనుల జాబితా పెట్టింది. నీటి సరఫరా, పారిశుధ్యం, రోడ్లు, వంతెనలు, పట్టణ ప్రణాళిక, మురికివాడల బాగు, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు, జనన మరణాల నమోదు, చివరికి బందెల దొడ్డి కూడా ఆ జాబితాలో ఉంది. పుట్టుక నుంచి చితి దాకా మనిషికి కావలసిన ఉమ్మడి పనులన్నీ అందులో ఉన్నాయి.

రెండోది మనుషులు. పంచాయతీలో సర్పంచిని ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. మునిసిపాలిటీలో మనం మన వార్డు కౌన్సిలరుకే ఓటు వేస్తాం. 2014లోనూ 2021లోనూ చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లే ఎన్నుకున్నారు. కమిషనరు ప్రభుత్వం నుంచి వస్తారు. పంచాయతీ రోజుల్లో సర్పంచి ఇంటి అరుగు మీద కూర్చుని అడిగిన ప్రశ్నను ఇప్పుడు ఫైలులో పెట్టి అడగాలి. దూరం పెరిగిందన్నది నిజమే. లాభం కూడా ఉంది, ఫైలుకు తేదీ ఉంటుంది, నంబరు ఉంటుంది. స్థానిక సంస్థల్లో రాజ్యాంగం స్త్రీలకు మూడో వంతు ఇస్తే మన రాష్ట్రం సగం ఇచ్చింది. కుళాయి దగ్గర నిలబడినవాళ్లు కౌన్సిల్ హాల్లో కూర్చోవడం చిన్న మార్పు కాదు.

మూడోది కొలత. పల్లెకు తాగునీటి లెక్క చాలాకాలం మనిషికి రోజుకు 40 లీటర్లు. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణానికి కేంద్ర ప్రమాణం 135 లీటర్లు, అది లేని పట్టణానికి 70. నలభై వేల మంది ఉన్న ఊరు అనుకోండి. పల్లె లెక్కలో రోజుకు 16 లక్షల లీటర్లు చాలు. 70 లెక్కలో 28 లక్షలు కావాలి. 135 లెక్కలో 54 లక్షలు. ఒక ఉత్తర్వుతో హోదా మారుతుంది. 16 లక్షల నుంచి 54 లక్షలకు పోవాలంటే మాత్రం బోర్లు, పంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు, పైపులు, కరెంటు బిల్లు అన్నీ మారాలి. ఉప్పునీటి సరస్సు పక్కన బోరు ఎంత లోతుకు వేయాలన్నది ఇంకో తలనొప్పి. ఎక్కువ తోడితే తియ్యటి నీటి వెనకాలే ఉప్పునీరు ముందుకొస్తుంది. అందుకే హోదా వచ్చిన మరుసటి ఏడే 'మునిసిపాలిటీ వచ్చి ఏం ఒరిగింది' అని అడగడం తొందరపాటు. పదేళ్లు దాటాక కూడా అడగకపోవడం నిర్లక్ష్యం.

కేంద్ర పథకాల్లో కూడా చిన్న ఊరికి చోటు ఆలస్యంగానే దొరికింది. 2015లో వచ్చిన అమృత్ పథకం ప్రధానంగా లక్ష దాటిన పట్టణాలకే. 2021 అక్టోబరులో వచ్చిన అమృత్ 2.0తోనే అన్ని పట్టణాలకూ నీటి సరఫరా వరస కలిసింది.

ఖాళీ కుర్చీ ఖర్చు

రాజ్యాంగం 243–యు అధికరణం ప్రకారం మునిసిపల్ కౌన్సిల్ గడువు అయిదేళ్లు. ఆ గడువు తీరకముందే కొత్త ఎన్నిక జరిగిపోవాలి. రాత ఇంత స్పష్టంగా ఉన్నా నడత వేరుగా ఉంది. మన రాష్ట్రంలో 2005లో ఎన్నికైన మునిసిపాలిటీల గడువు 2010లో తీరింది. ఎన్నికలు 2014 దాకా జరగలేదు. 2014 జులైలో కొలువుదీరిన కౌన్సిళ్ల గడువు 2019 జులైలో తీరింది. 2020 మార్చిలో ఎన్నికల ప్రకటన వచ్చింది, కోవిడ్ వల్ల ఆగింది, చివరికి 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. మధ్యలో ఏడాదిన్నరకు పైగా ప్రత్యేకాధికారుల పాలన.

ప్రత్యేకాధికారులు పని చేయరని నేను అనడం లేదు. వాళ్లలో నిజాయితీగా, వేగంగా పని చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. సమస్య వేరే చోట ఉంది. అధికారికి జిల్లాలో పది బాధ్యతలుంటే అందులో మన ఊరు ఒకటి. మన సందు పేరు ఆయనకు తెలియదు, తెలుసుకునేలోగా బదిలీ అవుతుంది. ఇంకో నష్టం డబ్బు. ఎన్నికైన పాలకవర్గం లేని స్థానిక సంస్థలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. మన రాష్ట్రంలో పంచాయతీలకూ, పట్టణాలకూ ఆ కాలంలో ఈ దెబ్బ తగిలింది. కుర్చీ ఖాళీగా ఉంటే జీతం మిగిలిందనుకుంటాం. దాని కింద ఎన్ని కాలువలు, ఎన్ని పైపులు ఆగిపోయాయో ఎవరూ లెక్క కట్టరు.

2021 మార్చిలో ఎన్నికైన కౌన్సిళ్ల అయిదేళ్ల గడువు 2026 మార్చి. ఆ తేదీ ఏ పార్టీదీ కాదు, ఊరిది. గడువు దగ్గర పడినప్పుడల్లా ఎన్నిక ఎప్పుడని అడగడం పూర్వ విద్యార్థుల సంఘం లాంటి వాళ్లు చేయదగిన పని.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

మునిసిపాలిటీకి తనదంటూ చెప్పుకోదగ్గ రాబడి ఆస్తి పన్నే. వినోద పన్ను లాంటివి 2017 జులైలో జీఎస్‌టీలో కలిసిపోయాయి. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్ను లెక్క మారింది. ఇదివరకు ఇంటికి వచ్చే అద్దె అంచనా మీద వేసేవారు, ఇప్పుడు స్థలం, కట్టడం విలువ మీద వేస్తున్నారు. ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. పన్ను ఆరునెలలకోసారి కట్టాలి. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది.

మన ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఆస్తులు ఎక్కువ. రైల్వే ఉంది, అంతరిక్ష శాఖ ఉంది. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తి మీద స్థానిక సంస్థ పన్ను వేయకూడదు. మరి వాళ్లు వాడుకునే రోడ్డు, కాలువ, దీపం సంగతేమిటి? 2009 నవంబరులో రాజ్‌కోట్ నగర పాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ముందు దీనికో పరిష్కారం ఖరారైంది. పన్ను బదులు సేవా రుసుము కట్టాలి. ఊరి సేవలన్నీ వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50 శాతం, ఏమీ వాడుకోకపోయినా 33⅓ శాతం. దేశంలో చాలా చిన్న మునిసిపాలిటీలకు ఈ సంగతి తెలియదు, తెలిసినా అడగడానికి జంకుతాయి. మన సంఘంలో లాయర్లున్నారు, ఆడిటర్లున్నారు, కేంద్ర సర్వీసుల్లో రిటైరైనవాళ్లున్నారు. మునిసిపాలిటీకి ఇలాంటి విషయాల్లో కాగితం రాసిపెట్టడం మనకు చేతనైన సేవ.

ఇక పై నుంచి వచ్చే నిధుల్లో కూడా చేతులు కట్టేసి ఉంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి మనలాంటి పట్టణాలకు ఇచ్చే సొమ్ములో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలంది. మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టం. నిజానికి ఇది మనకు మంచిదే. పేరు కోసం తోరణం కట్టే ముందు కాలువ పారాలని ఢిల్లీ చెప్పాల్సి రావడమే కొంచెం సిగ్గు.

తెల్లవారుజామున ఊరిని నడిపేవాళ్లు

చట్టాలు, లెక్కలు చెప్పాక మనుషుల మాట చెప్పకపోతే అన్యాయం. పారిశుధ్య కార్మికులు తెల్లవారుజామునే మన వీధి ఊడ్చి వెళ్లిపోతారు, మనం లేచేసరికి కనబడరు. 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మె చేసి జనవరిలో విరమించినప్పుడు ప్రతి పట్టణానికీ తెలిసొచ్చింది, ఊరు ఎవరి చేతుల మీద నడుస్తోందో. కోవిడ్ రోజుల్లో మనం తలుపులు వేసుకుంటే వాళ్లు చీపుర్లు పట్టుకున్నారు. 2019 అక్టోబరు 2 నుంచి వచ్చిన వార్డు సచివాలయాల్లో పారిశుధ్యానికి ఒకరు, సౌకర్యాలకు ఒకరు, ప్రణాళికకు ఒకరు కార్యదర్శులున్నారు. వాళ్లలో చాలామంది ముప్ఫై ఏళ్లలోపు చదువుకున్న పిల్లలు. కాలువ గురించి అడగాలంటే మొదటి గుమ్మం ఇప్పుడు అదే.

చెంగాళమ్మ తల్లి గుడికి తలుపులు వేయరని మనందరికీ తెలుసు. రాత్రీ పగలూ ఎవరైనా వెళ్లొచ్చు. రాకెట్టు ఎగిరేముందు ఇస్రో పెద్దలూ వచ్చి దండం పెట్టుకుంటారు. తల్లి జాతరకు వేలాదిగా జనం వచ్చినప్పుడు, ఫ్లెమింగో పండుగ జరిగినప్పుడు తాగునీరు, దీపాలు, చెత్త, మరుగుదొడ్లు, వాహనాలు నిలిపే చోటు ఇవన్నీ ఊరి యంత్రాంగం మీదే పడతాయి. ఒక చిన్న మునిసిపాలిటీకి అది వార్షిక పరీక్ష లాంటిది. ఆ మూడు రోజులు మన ఊరు బాగా చేయగలదంటే, మిగిలిన రోజులు చేయలేకపోవడానికి చేతకానితనం కారణం కాదు. ఆ మూడు రోజులు అందరి కళ్లూ ఊరి మీద ఉంటాయి, అంతే.

మన వంతు

మన సంఘం సభ్యుల్లో సగం మందికి పైగా చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, అమెరికాల్లో ఉంటున్నాం. ఊళ్లో మన ఇళ్లు కొన్ని తాళం వేసి ఉన్నాయి, స్థలాల్లో ముళ్లచెట్లు మొలిచాయి. పండక్కి వచ్చి 'ఊరు పాడైపోయింది' అనడం మనకు తేలిక. ఆ మాట అనేముందు మూడు పనులు చేద్దామని నా మనవి.

ఒకటి, తాళం వేసిన ఇంటికీ, ఖాళీ స్థలానికీ ఏప్రిల్‌లోనే పన్ను కట్టి, స్థలం శుభ్రం చేయించి, ఇంటి ముందు కాలువ మీద మన బండ నీటికి అడ్డంగా ఉంటే తీయించడం. రెండు, మన ఇంజనీర్లందరం కలిసి ఊరి కాలువల లెవెల్స్ కొలిచి ఒక పటం గీసి మునిసిపాలిటీకి అందించడం. ప్రతి సందులో నీరు ఎటు వాలుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆ పటంలో ఉండాలి. ఒక లెవెల్ యంత్రం, బడిలోని తొమ్మిదో తరగతి పిల్లలు, నాలుగు ఆదివారాలు చాలు. పిల్లలకు త్రికోణమితి పాఠమూ, స్థానిక స్వపరిపాలన పాఠమూ ఒకేసారి వస్తాయి. మూడు, ఏడాదికోసారి మునిసిపాలిటీ బడ్జెటు కాగితాలు అడిగి తీసుకుని, మామూలు తెలుగులో రెండు పేజీల్లో రాసి, బడి నోటీసు బోర్డు మీద పెట్టడం. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఏ కాలువకు పోయింది.

వీటిలో ఏ ఒక్కటీ గొప్ప పని కాదు. చీరాల జనం ఊరు వదిలి అడిగిన ప్రశ్నను మనం ఊళ్లోనే ఉండి, రసీదు చేతిలో పెట్టుకుని అడుగుతున్నామంతే. మునిసిపాలిటీ అనే చొక్కా ఊరికి వచ్చింది. బొత్తాలు పెట్టుకోవలసింది మనమే.

మనకు స్థానిక స్వపరిపాలన పాఠం చెప్పిన ఉపాధ్యాయుల్లో కొందరు ఈ రోజు మన మధ్య లేరు. ఉన్నవారికి నమస్కారాలు, లేనివారికి నివాళి. వారు చెప్పిన రెండు మార్కుల జవాబుకు ఇన్నేళ్లకు కొంచెం పెద్ద జవాబు రాసే ప్రయత్నం చేశాను. తప్పొప్పులు దిద్దే హక్కు ఎప్పటిలాగే మా అయ్యవార్లదే.